చెంగమ్మ అడిగిన సమాధానం

నెలకొకసారి, మొదటి మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నరకల్లా చెంగమ్మ నగరి పోస్టాఫీసు ముందు హాజరు. వాన పడినా రావాల్సిందే, ఒళ్ళు కాలుతున్నా రావాల్సిందే. చేతిలో ఒక కార్డు, మనసులో నాలుగు మాటలు. ఆవిడ సరంజామా అంతే.

పోస్టాఫీసు వరండాలో చెక్కపెట్టె ముందేసుకుని ఏకాంబరం కూర్చునేవాడు. బడిపంతులుగా చేసి దిగిపోయిన మనిషి. నుదుట విభూతి, చెవి మీద కలం, ముక్కు మీద కోపం. చదువురాని వాళ్ళకు జాబులు రాసిపెట్టడం ఆయన పని. చెప్పింది చెప్పినట్టు రాస్తే ఆయన ఏకాంబరం ఎందుకవుతాడు? దిద్ది మరీ రాసేవాడు. "మా ఆవు ఈనింది" అని ఎవరైనా చెబితే "మా గోమాత సుఖప్రసవమైనది" అని రాసి, చదివి వినిపించి, "ఇప్పుడు సూడు, ఎంత మర్యాదగా ఉండాదో" అనేవాడు. ఆవు గలాయన నోరు తెరుచుకుని వినేవాడు.

"సమాధానం వచ్చిందా చెంగమ్మా?" ఆమెను చూడగానే ఆయన అడిగే మొదటి మాట ఇది.

"రాలేదు సామీ."

"మళ్ళీ రాయాల్నా?"

"రాయాల."

1974లో మొదలైన ఈ మాటలు 1982 దాకా మారలేదు. అన్నేళ్ళలో ఆమె రాయించిన కార్డుల్లో ఒక్కదానికీ బదులు రాలేదు. ఇంకొకరైతే ఎప్పుడో విసిగి ఊరుకునేవాళ్ళు. చెంగమ్మ ఊరుకునే రకం కాదు, మొండిది. అయితే ఆ మొండితనం వెనక ఒక ధీమా ఉంది. ఆ ధీమా వెనక ఒక పొరపాటు ఉంది. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

చెంగమ్మ పుట్టిల్లు కార్వేటినగరానికి మూడు మైళ్ళ దూరంలో ఒక పల్లె. ఇంట్లో ఒక మగ్గం, ఊరి బయట కొంచెం చేను. చిన్నప్పుడే తండ్రి పోతే, నాయన లేని లోటు తెలియకుండా పెంచినవాడు అన్న వరదయ్య. ఆమె కంటే పన్నెండేళ్ళు పెద్ద. చెల్లెలిని భుజాన కూర్చోబెట్టుకుని కార్వేటినగరం పాత కోట చూపించుకొచ్చింది ఆయనే. శెనక్కాయలు వలిచి గింజలు చెల్లెలి నోట్లో పెట్టి, తొక్కలు తన జేబులో వేసుకున్నదీ ఆయనే. నగరిలో నేతపని చేసే మునస్వామికి ఇచ్చి పెళ్ళి చేసి పంపేటప్పుడు, కదిలిన బస్సు వెనకే చాలా దూరం నడిచాడట. అంత ప్రేమగల అన్న.

మునస్వామి మంచివాడు. పిల్లలు లేరని ఒక్కనాడూ ఆమెను ఒక మాట అనలేదు. ఆయనకు క్షయ పట్టుకుంది. రెండేళ్ళు మంచం మీద ఉన్నాడు. దగ్గు వినబడితే చాలు, ఇరుగుపొరుగు తలుపులు దగ్గరికి వేసుకునేవాళ్ళు. వాళ్ళను అని లాభం లేదు, ఆ జబ్బంటే అందరికీ భయమే. ఆ రోజుల్లో రోజూ ఆ ఇంటి గడప దాటి లోపలికి వచ్చిన మనిషి ఆనందమ్మ ఒక్కతే. మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసి మానుకున్న ముసలమ్మ. సీసా అడుగులాంటి కళ్ళద్దాలు. వచ్చి గంజి కాచేది, రోగి ఉమ్మిన గిన్నె కడిగేది, పోయేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని పోయేది. బదులుగా ఏమీ అడిగేది కాదు. మునస్వామి పోయాక, ఆ ముసలమ్మ వెంట చెంగమ్మ కూడా ప్రార్థన కూటానికి పోవడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు బాప్తిస్మం తీసుకుంది.

ఆ సంగతి విని వరదయ్య బస్సెక్కి వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. వీధిలోనే నిలబడ్డాడు.

"నన్నొక మాట అడిగినావా మే?"

"అడిగితే వొద్దంటావు గదన్నా."

"సరే. ఇంక నా గడప తొక్కొద్దు. అమ్మను సూస్తానని కూడా రావొద్దు."

ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చిన కాళ్ళతోనే వెళ్ళిపోయాడు. కోపం కొన్నాళ్ళుంటుంది, తరువాత తగ్గుతుందిలే అనుకుంది చెంగమ్మ. ఈలోగా తల్లి కుప్పమ్మ కోసం నేరేడుపండు రంగు చీర ఒకటి ఎర్ర అంచుతో నేసింది. అన్న మెత్తబడ్డాక తీసుకుపోయి తన చేతులతో కట్టబెట్టాలని ఆశ. ఆ ఆశ తీరలేదు. ఒకరోజు నగరి బస్టాండులో, ఆ వైపు నుంచి మామిడికాయలు తెచ్చి అమ్ముకునే నాగులమ్మ కనిపించి, "ఏమ్మే, మీయమ్మ సావుకు రాలేదే?" అంది.

అప్పటికి కుప్పమ్మ పోయి తొమ్మిది రోజులు.

కన్నతల్లి పోతే కూతురు తెచ్చిన కొత్త చీర కప్పి సాగనంపడం ఆ వైపు ఆనవాయితీ. చీర పెట్టెలో సిద్ధంగా ఉంది. కూతురు రెండు గంటల బస్సు దూరంలో ఉంది. కబురే రాలేదు. చెంగమ్మ ఇంటికి వచ్చి ఆ చీర ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఆ దుఃఖం రాస్తే తరిగేది కాదు. ఏడ్చి ఏడ్చి చివరికి ఒక నిశ్చయానికి వచ్చింది. అన్నతో పోట్లాడదు. వాకిట్లోకి పోయి నిలబడదు. జాబు రాయిస్తుంది. ఆయన నోటి నుంచి గాని, చేతి నుంచి గాని ఒక్క మాట వచ్చేదాకా రాయిస్తూనే ఉంటుంది. పుట్టింటి వైపు ఆమెకు మిగిలింది ఆ అన్న ఒక్కడే. ఆయనా లేకపోతే ఈ లోకంలో చెంగమ్మను పుట్టింటి హక్కుతో "మే" అని పిలిచే మనిషి ఉండడు.

ఇక ఆ పొరపాటు సంగతి.

ఆదివారం కూటంలో వాక్యం చదివేది ఆనందమ్మే. ఆమెకు మిక్కిలి ఇష్టమైనవి పత్రికలు. యేసు తరువాత కొన్నేళ్ళకు, ఊరూరా తిరిగి సంఘాలు పెట్టిన అపొస్తలుడొకాయన, దూరాన ఉన్న ఆ సంఘాల వాళ్ళకు ధైర్యం చెబుతూ రాసిన జాబులవి. మొదటిసారి "ఈ పొద్దు పత్రిక సదువుతా" అని ఆనందమ్మ అన్నప్పుడు, "ఎవురి పెండ్లక్కా?" అని అడిగింది చెంగమ్మ. నగరిలో పత్రిక అంటే పసుపు రాసిన పెండ్లి పత్రికే మరి! కూటమంతా గొల్లుమంది. చెంగమ్మ కూడా నవ్వింది గాని లోపల సిగ్గుతో చచ్చిపోయింది. తెలియని మాట వినబడితే నోరెత్తి అడగడం ఆ రోజుతో మానేసింది. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

అన్నకు మొదటి జాబు రాయించిన రోజున, చివర ఏకాంబరం "తప్పక సమాధానము వ్రాయవలెను" అని రాసి చదివాడు.

"సమాధానం అంటే ఏంది సామీ?"

"తిరుగు జాబమ్మా. నువ్వు రాస్తావు, ఆయన బదులు రాస్తాడు. అది సమాధానం."

ఆ ఆదివారమే కూటంలో ఆనందమ్మ ఒక పత్రిక తెరిచింది. ఆ జాబుల మొదట్లో పలకరింపు ఒకటుంటుంది. దేవుని నుంచి మీకు కృప, సమాధానం కలగాలని దాని భావం. చెంగమ్మ ఉలిక్కిపడింది. సమాధానం! తిరుగు జాబు! తనకు కలుగుతుందని దేవుడే చెబుతున్నాడు! పై వారం ఇంకో పత్రిక, అందులోనూ మొదట అదే మాట. ఆ పై వారం ఇంకొకటి, అందులోనూ అదే. ఒకసారి చెబితే ఏమో అనుకోవచ్చు. ఇన్నిసార్లు చెబుతుంటే ఇంకా అనుమానమెందుకు? కార్డు మీద కార్డు రాయించడానికి చెంగమ్మకు దమ్ము ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఇదిగో, ఇక్కడి నుంచి వచ్చింది.

రెండో కార్డు నుంచి తన జాబూ అలాగే మొదలుకావాలని పట్టుబట్టింది.

"మొదట కృప, సమాధానం కావాలని రాయి సామీ."

"మొదట నమస్కారం గదమ్మా రాసేది?"

"మా పుస్తకంలో జాబులు అట్లే మొదలవతాయి."

ఏకాంబరం కాసేపు ఆలోచించాడు. కృప అంటే దయ. సమాధానం అంటే తిరుగు జాబు. కావాలంటున్నది చెల్లెలు. ఇంకేముంది, అర్థం కుదిరింది. "అన్నగారి కృపయు, సమాధానమును నాకు కావలెను" అని గుండ్రటి అక్షరాలతో రాసి, సమాధానం కింద గీత గీశాడు. చదివి వినిపిస్తే చెంగమ్మకు బ్రహ్మాండంగా అనిపించింది. ఆ తరువాత ప్రతి కార్డుకూ అదే మొదటి వరస. కిందనే అదే గీత.

ఏళ్ళు గడిచాయి. వీధిలో ఒక్కొక్క ఇంట్లోనూ మరమగ్గాలు దిగాయి. వాటి టకటకలో పక్కింటి మాట ఈ ఇంటికి వినబడకుండా పోయింది. చెంగమ్మ మాత్రం తన గుంతమగ్గం దగ్గరే ఉంది. ఆనందమ్మ చూపు ఇంకా తగ్గింది. పుస్తకం ముక్కుకు తగిలేంత దగ్గర పెట్టుకుని చదివేది.

1982 వానాకాలం ముందు ఒక పొద్దున, వీధిలో పడుగు దారాలు చాచి చెంగమ్మ గంజి పెడుతోంది. ఆనందమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది.

"మీ అన్న కాడ నుంచి ఏమన్నా తెలిసిందా మే?"

"ఇంకా లేదక్కా. వస్తాది. దేవుడు మాట ఇచ్చినాడు గదా."

"దేవుడు మాట ఇచ్చినాడా? ఎప్పుడు?"

"నువ్వే గదక్కా సదివేది! ప్రతి జాబులోనూ మొదట అదే గదా. మీకు సమాధానం వస్తాదని."

ఆనందమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పకపకా నవ్వింది. నవ్వుతూ చెంగమ్మ మొహం చూసి టక్కున ఆపేసింది.

"అయ్యో నా బిడ్డా. అది జాబుకు రాసే సమాధానం కాదు మే. పసిబిడ్డ గుక్కపట్టి ఏడస్తా ఉంటే సంకనేసుకుని ఏం జేస్తాం?"

"సమాధానపరస్తాం."

"ఆఁ, ఆ సమాధానం. మనసు కుదురుకునేది. తగువులాడుకున్నోళ్ళు ఒకటయ్యేది. కావాలంటే ఈ పక్కింటి అరవోళ్ళనడుగు, వాళ్ళ బాసలో కూడా ఆ మాటకు అదే అర్థం."

చెంగమ్మ చేతిలో గంజి కుంచె అలాగే నిలిచిపోయింది. ఎనిమిదేళ్ళు! లేని మాటను పట్టుకుని ఎనిమిదేళ్ళు వేలాడింది. దేవుడు తనకు మాటే ఇవ్వలేదు. అన్న రాస్తాడని ఎవరూ చెప్పలేదు. తనే అనుకుంది, తనే మురిసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, "నువ్వు పోక్కా, నాకు పనుండాది" అని ముసలమ్మ మీదే కసురుకుంది. పడుగు మీద గంజి ఎండి అట్ట కట్టింది. ఆ పూట ఆమె పని పనికిరాకుండా పోయింది.

పై రెండు ఆదివారాలు కూటానికి పోలేదు. మొదటి మంగళవారం వచ్చింది; పోస్టాఫీసుకు పోలేదు. ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి తప్పడం. ఏకాంబరం పదకొండు దాకా వీధి వైపు చూస్తూ కూర్చున్నాడని ఆమెకు తరువాత తెలిసింది.

మూడో ఆదివారం సాయంత్రం ఆనందమ్మే పుస్తకం చంకన పెట్టుకుని, గోడ పట్టుకుని వచ్చింది. చెంగమ్మ లేచి చాప వేసింది. వేసి ఊరుకోలేదు, మూడు వారాలుగా గొంతులో ఉన్నది అడిగేసింది.

"అక్కా, ఆ జాబులు రాసినాయన ఉండాడే, ఆయనకు తిరుగు జాబులు వచ్చినాయా?"

ఆనందమ్మ తెల్లబోయింది. అరవై ఏళ్ళుగా ఆ పుస్తకం చదువుతున్న మనిషిని అంతవరకూ ఎవరూ ఆ మాట అడగలేదు.

"వచ్చినాయేమో మే, మనకు తెలీదు. ఈ పుస్తకంలో ఆయన రాసినవే ఉండాయి. ఆ ఊర్లోళ్ళు బదులు రాసిన జాబు ఒక్కటీ లేదు."

"ఒక్కటీ లేదా?"

"లేదు. కొన్ని జాబులు జైల్లో కూసోని రాసినాడు. చేతులకు సంకెళ్ళుండాయి. ఎవురికి రాసినాడో వాళ్ళల్లో కొందరు ఆయన్ను వొదిలేసి పొయినోళ్ళే. అయినా మొదట అదే మాట. కృప, సమాధానం."

చెంగమ్మ ఆలోచనలో పడింది. జైల్లో ఉన్న మనిషి. బదులు వచ్చిందో లేదో తెలియని మనిషి. అలాంటి మనిషి ఏడుస్తూ రాయాలి గదా? 'మీరెవరూ నన్ను పట్టించుకోలేదు' అని రాయాలి గదా?

"ఆయన ఏం కావాలని రాసినాడక్కా?"

"కావాలని కాదు మే, అదే నువ్వు పొరపాటు పడింది. ఆయన అడగతా ఉండలేదు, ఇస్తా ఉండాడు. మీకు కలగాల అంటాడు. నాకు కావాల అనడు." ముసలమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఇంకొకటి సూడు. ఎప్పుడూ కృప ముందు, సమాధానం వెనక. నువ్వు పడుగు చాచకుండా పేక నేస్తావా?"

"యాడన్నా నేస్తారా?"

"ఇదీ అంతే."

"మరి కృప అంటే దయే గదా?"

"దయే గాని ఇంకొంచెం. సంతలో కొసరు కూడా అడిగితే గాని ఎయ్యరు. కృప అడక్కుండా ఇచ్చేది. తీసుకునేదానికి తగనోడికి కూడా ఇచ్చేది. తగినోడికి ఇస్తే అది కూలి, కృప ఎట్లవతాది?"

మునస్వామి ఉమ్మిన గిన్నె కడిగిన చేతులవి. ఆ చేతులు చూస్తూ కూర్చుంది చెంగమ్మ. కృప అంటే ఏమిటో ఇంక ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదనిపించింది.

రెండు రోజులకు మంగళవారం. నెలలో మొదటిది కాదు, అయినా పోయింది. ఏకాంబరం మొహం వెలిగింది. అది కనపడనివ్వకుండా కసిరాడు.

"ఏమైపోయినావు? నేను రాసింది బాగలేదని ఇంకొకరి కాడికి పొయినావేమో అనుకున్నా."

"లేదు సామీ. ఈసారి వేరే మాదిరిగా రాయాల. కావాల అని వొద్దు. 'అన్నా, నీకు కృప, సమాధానం కలగాల' అని రాయి."

"ఆయన సమాధానం రాస్తే కలిగేది నీకు గదమ్మా? ఆయనకెట్ల కలగతాది?"

చెంగమ్మ ఆయనకు పసిబిడ్డ సంగతి చెప్పింది. సంకనేసుకుని సమాధానపరిచే సంగతి. ఏకాంబరం రాయబోయిన కార్డు పక్కన పెట్టాడు. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన మనిషి. ఆ అర్థం ఆయనకు తెలియక కాదు, తోచలేదు. ఎనిమిదేళ్ళుగా తను గీసిన గీతలన్నీ కళ్ళముందు కదిలినట్టున్నాయి, చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకా ఏం రాయాల?" అన్నాడు మెల్లగా.

"నువ్వు నాకు ఏ సమాధానమూ చెప్పబన్లేదు అని రాయి. నీకు సమాధానం ఉంటే నాకు చాలు అని రాయి. అంతే."

ఆయన ఒక్క మాట దిద్దలేదు. చెప్పింది చెప్పినట్టు, ఆమె యాసలోనే రాశాడు. కింద గీత కూడా గీయలేదు.

ఆ కార్డు పోయిన పన్నెండో రోజు, మిట్టమధ్యాహ్నం. చెంగమ్మ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తోంది. వాకిట్లో నీడ పడింది. తలెత్తితే, తెల్ల పంచె, దుమ్ముపట్టిన కాళ్ళు, ఒంగిన నడుము. గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. అన్న అంత ముసలివాడైపోయాడు.

వరదయ్య గడప బయటే నిలబడ్డాడు. చేతిలో ఒక ఇనుప తీగ, ఆ తీగ నిండా గుచ్చిన కార్డులు. అన్నీ ఆమెవే. ఒక్కటీ పారేయలేదు.

"అన్నా..." అంటూ లేవబోయింది.

"నన్ను చెప్పనీ మే. లోపలికి రమ్మనొద్దు, ముందు చెప్పనీ." ఆయన గడప దగ్గర గోడకు చేయి ఆనించాడు. "నాకు సదువు రాదు గదా. కార్డు వస్తే పోస్టు మునిరామయ్య టీ అంగడి కాడ అందరి ముందర సదివేటోడు. 'వరదయ్యా, నీ చెల్లెలు సమాధానం కావాలంటాది, కింద గీత కూడా గీసిండాది' అనేటోడు. దేనికబ్బా సమాధానం, అని అందరూ అడిగేటోళ్ళు. నేనేం చెప్పేది? దేనికో నాకు తెలుసు."

చెంగమ్మకు అప్పుడు తెలిసింది. తను బదులు రాయమని బతిమాలుతున్నాననుకుంది. అన్నకేమో నెలనెలా నిలదీసినట్టు వినబడింది. చేసిన పనికి సమాధానం చెప్పుకో, చెప్పుకో అని.

"అమ్మ పొయ్యే రోజు నన్ను అడిగింది," అన్నాడు వరదయ్య. "చెంగమ్మకు కబురు పంపినావా నాయనా, అని. పంపినా అన్నా. వస్తా ఉండాదా, అనింది. బస్సు దిగింటాదిలే అన్నా. నేను పంపలేదు మే. రెండు పూటలు ఆ వాకిలి వైపే సూస్తా ఉండింది. సూస్తానే పొయ్యింది."

చెంగమ్మ మగ్గం వైపు తిరిగిపోయింది.

ఏం చెప్పమంటారు? ఒళ్ళు భగ్గున మండింది ఆమెకు. కబురు పంపలేదనే తెలుసు ఇన్నాళ్ళూ. తల్లి వాకిలి చూస్తూ పోయిందని తెలియదు. కూతురు రాలేదనుకునే పోయి ఉంటుందా తల్లి? ఈ మనిషి మొహం మీద తలుపు వేసి గడియ పెట్టాలనిపించింది. నాడె విసిరింది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఒక జానెడు నేసింది. బయట ఎండలో అన్న కదలకుండా నిలబడే ఉన్నాడు. నీడకు కూడా జరగలేదు.

నీకు కలగాల, అని తనే రాయించింది. రాయించేటప్పుడు తేలిగ్గానే ఉంది. అప్పటికి ఈ సంగతి తెలియదు. తగినోడికి ఇస్తే అది కూలి, అంది ముసలమ్మ. ఈయన తగినవాడా? కాదు. ఇసుమంత కూడా కాదు. ఆ మాట మనసులో అనుకోగానే చెంగమ్మ చేయి నాడె మీద ఆగింది. ఎంత కష్టంగా ఉందో ఆమెకే తెలుసు. గుంతలో నుంచి లేచి, మోకాళ్ళు పట్టుకుని, వాకిట్లోకి వచ్చింది.

"నా కాడ సమాధానం లేదు చెంగమ్మా," అన్నాడు వరదయ్య. "నువ్వు చెప్పబన్లేదని రాసినావు, అందుకే రాగలిగినా. కానీ లేదు. ఎంత ఎతికినా లేదు."

"నా కాడ ఉండాది లేన్నా," అంది చెంగమ్మ. "నీ కోసరమే పెట్టుకోనుండా. లోపలికి రా."

చెయ్యి పట్టుకుని గడప దాటించింది. ఈసారి ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. పెట్టిన సంగటి తిన్నాడు. తిన్నాక ఆమె పెట్టె తెరిచి, వేపాకు రెమ్మలు దులిపి, నేరేడుపండు రంగు చీర తీసింది. ఎనిమిదేళ్ళయినా ఎర్ర అంచు మాయలేదు.

"అమ్మకని నేసింది. వొదినకు ఇయ్యి."

ఆ చీర ఎవరికి కప్పాల్సిందో ఆయనకు వేరే చెప్పాలా? మొహం దానిలో దాచుకుని చిన్నపిల్లవాడిలా గుక్కపట్టి ఏడ్చాడు. చెంగమ్మ పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసి, "ఊరుకో అన్నా, ఊరుకో, అయిపోయిందిలే" అంటూ నిమురుతూనే ఉంది. ఆమె కళ్ళల్లోనూ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. చాలాసేపటికి ఆయన ఏడుపు నిదానించింది.

సాయంత్రం బస్సెక్కేముందు, "ఈసారి నువ్వు రావాల మే, మన ఇంటికి" అన్నాడు. బస్సు కదిలాక చెంగమ్మ దాని వెనకే కొంత దూరం నడిచింది.

పై నెల మొదటి మంగళవారం, తొమ్మిదిన్నరకల్లా పోస్టాఫీసు ముందు హాజరు. చేతిలో కార్డు. ఏకాంబరం కళ్ళెత్తి చూశాడు. ఈసారి అడగాలా వద్దా అని తటపటాయించి, అలవాటు మానలేక అడిగేశాడు.

"సమాధానం వచ్చిందా చెంగమ్మా?"

"వచ్చింది సామీ."

కలం జారి పెట్టె మీద పడింది. "వచ్చిందా! ఏమని రాసినాడు?"

"రాయలేదు," అంది చెంగమ్మ. "వచ్చింది."